వెనక వరస అప్పగింత

"ముట్టుకోలేదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి? ఆ యంత్రాల మీద నా చెయ్యి పడలేదు."

తు జిన్‌షుయి గొంతు వరండా దాకా వినిపిస్తోంది. రుయ్‌యు గొడుగు దులిపి గోడకు ఆనించి గబగబా లోపలికి నడిచింది. బ్యాంకు కంప్యూటర్ కేంద్రంలో కాపలావాళ్లు టీ తాగే గది అది. గుమ్మానికి అటొకడు ఇటొకడు నిలబడ్డారు. లోపల బల్లకు ఒక పక్క జిన్‌షుయి, ఎదురుగా బ్యాంకు భద్రతాధికారి జువో మేడమ్. ఇద్దరి మధ్యా జిన్‌షుయి గుర్తింపు కార్డు, మెడ తాడుతో సహా, బోర్లా పడి ఉంది. యాభై దాటిన కాంట్రాక్టు మనిషి మెడలోంచి ఆ తాడు తీశారంటే మళ్లీ వెయ్యడానికి తియ్యరు.

"తలుపులు తెరిచావా లేదా?" అంది జువో మేడమ్.

"తెరిచాను."

"ఏవి?"

"వెనక వరసవి."

"పొద్దున పాడైన యంత్రాలు ఏ వరసలోవి?"

జిన్‌షుయి చూపు బోర్లా పడ్డ కార్డు మీదికి పోయింది.

"వెనక వరసవే," ఆవిడే జవాబు చెప్పుకుంది. "అక్కడ నీకేం పని? ఎందుకు తెరిచావు?"

జిన్‌షుయి కిటికీ వైపు చూశాడు. అక్కడ వెంగ్ చెవికి ఫోను ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అవతల ఎవరో తిడుతున్నట్టున్నారు. ఆయన వానకేసి తల ఊపుతూ "అవునండీ, అవునండీ" అంటున్నాడు.

"దుమ్ము తుడవడానికి," అన్నాడు జిన్‌షుయి చివరికి.

"గుడ్డ ఏది?"

గుమ్మం దగ్గర కాపలావాడు నవ్వాపుకోలేక దగ్గాడు. జిన్‌షుయి చెవులు ఎర్రబడ్డాయి.

వెంగ్ ఫోను జేబులో పెట్టుకుని, "వచ్చావా చెల్లీ," అన్నాడు అలసటగా. ఆయన ఆమెకు కాలేజీలో సీనియర్. ఇప్పుడు ఆ యంత్రాలు తయారుచేసి, బాగోగులు చూసే లింకో సర్వర్ కంపెనీలో ఆమెకు పై అధికారి. జిన్‌షుయి కాంట్రాక్టు మీద పనిచేసేదీ ఆయన కిందే. కాలేజీ వరస ఉద్యోగంలోనూ పోలేదు. ఆయనకు ఆమె చెల్లి, ఆమెకు ఆయన అన్నయ్య.

జరిగింది జువో మేడమే చెప్పింది. కౌంటర్లు తెరవకముందే రెండు వరసల యంత్రాలకూ కొత్త కెర్నెల్, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం, ఎక్కించి రీస్టార్ట్ చేశారు. ముందు వరస సలక్షణంగా లేచింది. వెనక వరసలో కొన్ని మాత్రం, లేచీ లేవగానే కాపలా ప్రోగ్రాం చేతిలో పడ్డాయి. 'ఈ యంత్రంలో ఎవరో చెయ్యి పెట్టారు' అని అది వాటికి తాళం వేసేసింది. తావ్‌యువాన్ చుట్టుపక్కల శాఖల్లో కౌంటర్లు ఆగిపోయాయి. పింఛను డబ్బుకోసం వచ్చిన ముసలివాళ్లు వానలో వరస కట్టారు.

"గురువారం సాయంత్రానికి పైకి నివేదిక పంపాలి. అందులో పేరుండాలి. పేరున్న నివేదిక ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తుంది. ఈలోపల మీవాళ్లు చెప్పాల్సింది ఏదన్నా ఉంటే చెప్పుకోండి."

"మేడమ్," అంది రుయ్‌యు, "ఆయన తలుపు తెరిచినవన్నీ పాడయ్యాయా?"

"అన్నీ కాదు. కొన్ని."

"మరి మిగతావాటిని ఎందుకు వదిలేసినట్టు?"

"దొంగ ఇల్లంతా మోసుకుపోతాడా ఏమిటమ్మా?"

బయట మెట్ల దగ్గర రుయ్‌యు వెంగ్‌ను ఆపింది. "అన్నయ్యా, వెనక వరసను నెమ్మది పద్ధతిలోనే రీస్టార్ట్ చేశారు కదా?"

"ప్లానులో అదేగా ఉంది," అన్నాడు వెంగ్. గొడుగు విప్పి వానలోకి దిగిపోయాడు.

* * *

మర్నాడంతా రుయ్‌యు ల్యాబ్‌లోనే ఉంది. చెవులకు దూది పెట్టుకుంటే తప్ప ఆ గదిలో కూర్చోలేరు. ఫ్యాన్ల హోరుకు కప్పులో టీ కూడా వణుకుతుంది. బ్యాంకు వెనక వరసలో ఉన్నటువంటి పాత యంత్రాన్నే తెప్పించి, దానిలో ఉన్నంత మెమరీనే గుచ్చి, అదే పాత కెర్నెల్ ఎక్కించింది.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాడు పక్క బల్ల పెంగ్. లంచ్ బాక్స్ అట్టపెట్టె మూత తెరిచి, పంది ముక్క పక్కకు నెట్టి ముందు క్యాబేజీ తినే అలవాటు అతనిది. "ఆ జిన్‌షుయి తాత ఏదో కొట్టేశాడని బిల్డింగంతా చెప్పుకుంటోంది."

"కొట్టెయ్యడానికి ఆ గదిలో ఏముంది?"

"ఏమీ లేకపోయినా కొట్టేశాడంటేనే కదా పెద్ద దొంగ!"

రుయ్‌యు నవ్వలేదు. నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

కరెంటు వెయ్యగానే యంత్రంలో మొదట లేచేది ఫర్మ్‌వేర్. తన తరవాత ఎవరెవరు లోపలికి వస్తున్నారో ఒక్కొక్కరినీ పరీక్షించి, మెమరీలో ఒక మూల వాంగ్మూలం రాసి పెడుతుంది. దానికి సరిపోయే ముద్ర ఒకటి విడిగా ఒక చిప్పులో పడుతుంది. వాంగ్మూలం, ముద్ర కలిస్తే యంత్రం మంచిది. కలవకపోతే ఎవరో వేలు పెట్టినట్టు. ఆ తరవాత కెర్నెల్ వచ్చి పెత్తనం తీసుకుంటుంది.

నెమ్మది పద్ధతిలో రీస్టార్ట్ చేస్తే అంతా మొదటినుంచీ జరుగుతుంది. ఫర్మ్‌వేర్ లేచి, మెమరీ అంతా తడిమి చూసుకుని, వాంగ్మూలం కొత్తగా రాస్తుంది. పెద్ద యంత్రాలకు ఆ తడుముకోవడమే గంట సేపు. తొందర పద్ధతిలో ఫర్మ్‌వేర్‌ను నిద్ర లేపరు. పాత కెర్నెల్ దిగిపోతూ కొత్త కెర్నెల్‌కు నేరుగా కుర్చీ అప్పగిస్తుంది, షిఫ్టు మారినట్టు. చిటికెలో పని. కాని వాంగ్మూలం మళ్లీ రాసేవాడు లేడు కనక, పాతది ఉన్న మూల చూపించి 'ఇక్కడ చెయ్యి పెట్టకు' అని దిగిపోయేవాడే చెప్పాలి. చెప్పకపోతే వచ్చినవాడికి అది ఖాళీ జాగా.

ఆ మాట చెప్పడం కొత్త కెర్నెల్‌కు నేర్పింది రుయ్‌యే. ముందు వరసలో దిగిపోయే కెర్నెల్‌కూ అది అప్పటికే తెలుసు. వెనక వరసలోని పాత కెర్నెల్‌కు ఆ చదువు లేదు. అందుకే వెనక వరసను ఈ ఒక్కసారికి నెమ్మదిగా లేపాలి.

పొద్దుటి నుంచి నెమ్మదిగానే లేపి చూసింది. ప్రతిసారీ వాంగ్మూలం చెక్కు చెదరలేదు. మధ్యాహ్నం నుంచి తొందర పద్ధతి మొదలుపెట్టింది. లేపడం, వాంగ్మూలం ముద్రతో సరిపోల్చడం, మళ్లీ లేపడం. బాగుంది. బాగుంది. మళ్లీ బాగుంది. కొత్త కెర్నెల్ మెమరీలో ఎక్కడ దిగుతుందో ప్రతిసారీ మారుతూ ఉంటుంది. ఆ మూల మీద దిగాలని లేదు. మెడ నొప్పి పుట్టి, కుర్చీలోనే ఒకసారి కునికింది. పెంగ్ ఎప్పుడు తెచ్చాడో, మోచెయ్యి పక్కన సోయా పాల గ్లాసు ఉంది.

ఫ్యాన్ల హోరు తగ్గింది. ఆమె కళ్లు తెరిచి తెర వైపు చూసింది. 'ఈ యంత్రంలో ఎవరో చెయ్యి పెట్టారు.'

వాంగ్మూలం ఉండవలసిన చోటు విప్పి చూసింది. మొదటి ముక్క ఉంది. తరవాతదంతా కొత్త కెర్నెల్ సామాను. అద్దెకొచ్చినవాడు ఖాళీ గది అనుకుని సాక్షి కాగితాల మీదే మూటలు దించుకున్నాడు.

"పెంగ్, ఇటు చూడు."

పెంగ్ వంగి చూసి, మాడిపోయిన మొహంతో లేచాడు. "అంటే బ్యాంకులో తొందర పద్ధతి వాడారన్న మాట. ఎవరు చేశారు?"

"టీమ్ ఖాతా నుంచి వెళ్లింది."

"అందరూ వాడే ఖాతా. అయిపోయింది, ఇక దేవుడికే తెలియాలి."

ఆమె వెంగ్‌కు ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు. "మంచి పని చేశావు," అన్నాడు తరవాత. "ఎవరో పొరపాటున నొక్కి ఉంటారు. పాస్‌వర్డ్ ఆ జిన్‌షుయికి కూడా తెలుసుగా."

* * *

జిన్‌షుయి ఇల్లు హైవే వంతెన కింది సందులో, నేలంతస్తు. రుయ్‌యు వెళ్లేసరికి గుమ్మంలో పీట వేసుకుని టేబుల్ ఫ్యాను విప్పి పెట్టుకున్నాడు. స్క్రూలన్నీ సీసా మూతలో పోసి ఉన్నాయి.

"రా ఇంజనీరమ్మా. పోలీసులేమో అనుకున్నాను. కూర్చో. ఆ కుర్చీ కాదు, కాలు విరిగింది."

"షుయి అన్నా, నువ్వు చెయ్యి పెట్టలేదని రుజువు దొరికింది."

"అది నాకు ముందే తెలుసు కదా," అన్నాడతను రెక్క తుడుస్తూ. "ఇంకేదన్నా కొత్త విషయం చెప్పు."

"అయినా ఒకటి మిగిలింది. తొందర పద్ధతి నొక్కింది నువ్వే అంటారు రేపు. పొద్దున్నే ఆ వరసలో ఏం చేస్తున్నావో చెప్పకపోతే ఎవరూ నమ్మరు. గుడ్డ లేకుండా దుమ్ము తుడిచానంటే నేనూ నమ్మను."

జిన్‌షుయి లోపలికి చూశాడు. భార్య వంటింట్లో ఉంది. గొంతు తగ్గించి, "పొట్లాలు పెట్టాను," అన్నాడు.

"పొట్లాలా?"

"అవే. ఆకుపచ్చవి."

రుయ్‌యు కళ్లు మూసుకుంది. కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న చిరుతిండి పొట్లం. యంత్రం మీద అది ఉంటే మొరాయించకుండా పని చేస్తుందని ఈ ఊళ్లో చిన్నా పెద్దా అందరి నమ్మకం. ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు. ఆమె ల్యాబ్‌లోనూ ఒకటుంది. అయితే బ్యాంకును తనిఖీ చెయ్యడానికి వచ్చిన విదేశీయులు, కంప్యూటర్ గదిలో తిండి పదార్థాలేమిటని రాసిపోయినప్పటి నుంచి అక్కడ వాటిని నిషేధించారు. పెట్టినవాడి కాంట్రాక్టు రద్దు.

"తలుపు తెరిచి పైన పెట్టి మూశాను. యంత్రాన్ని వేలితో కూడా తాకలేదు. పాడయ్యాయని తెలిసి, ఈ గోలలో దొరికితే ఉద్యోగం పోతుందని మళ్లీ తీసేశాను. తీసి తినేశాను కూడా," అన్నాడు జిన్‌షుయి. "అయినా పోయింది."

"పిచ్చి మనిషీ! అది చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే జైలు. రెంటికీ తేడా లేదా?"

వంటింట్లోంచి భార్య కేకేసింది. "అడుగమ్మా, నువ్వన్నా అడుగు! నేనడిగితే ఫ్యాను విప్పుతాడు. ఇప్పటికి మూడోసారి విప్పడం!"

రుయ్‌యుకు అప్పుడొక అనుమానం తట్టింది. "ఆ రోజు రెండు వరసలూ రీస్టార్ట్ కదా. ముందు వరసకు ఎందుకు పెట్టలేదు?"

"వెనక వరసకే పెట్టమన్నాడు."

అనేశాక జిన్‌షుయి చేతిలో గుడ్డ ఆగింది.

"ఎవరు?"

అతను స్క్రూ తీసుకుని బిగించసాగాడు. తప్పు స్క్రూ. మళ్లీ విప్పాడు.

"షుయి అన్నా, ఎవరు?"

"ఫ్యాక్టరీ మూసేసి మమ్మల్ని రోడ్డు మీద పడేసినప్పుడు, ఈ వయసులో నన్ను పిలిచి పని ఇచ్చిన మనిషమ్మా. 'నాకు భయంగా ఉంది షుయి అన్నా, ఎవరికీ చెప్పకుండా పెట్టేసి రా' అన్నాడు. ఆ మాత్రం చెయ్యలేనా? ఇంకేం అడక్కు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అనుకుంది రుయ్‌యు. వెనక వరసకు ప్రమాదం ఉందని తెలిసినవాడికే వెనక వరస గురించి భయం వేస్తుంది. తెలియనివాడు రెంటికీ పెట్టమంటాడు, లేదా దేనికీ పెట్టమనడు. ఆ ప్రమాదం గురించి ఆమె చెప్పింది ఒక్కరికే. లిఫ్టులో, నోటి మాటగా.

* * *

గురువారం కంపెనీలో ఏడో నెల పూజ. దిక్కులేని ఆత్మలకు పెట్టే విందు. గేటు ముందు బల్లలు వేసి పళ్లు, వేయించిన కోళ్లు, నూడుల్స్ డబ్బాలు పేర్చారు. పెద్దవాళ్లందరూ అగరుబత్తులతో దణ్ణాలు పెట్టి వెళ్లాక, వెంగ్ ఒక్కడే పొయ్యి దగ్గర నిలబడి ఆ ఆత్మలకు చేరాలని కాగితపు డబ్బు ఒక్కొక్కటే మంటలో వేస్తున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

రుయ్‌యు పక్కన నిలబడి ఒక కట్ట అందుకుంది. ఇద్దరూ కాసేపు కాగితాలు కాల్చారు.

"పొట్లాలు నువ్వే పెట్టించావు అన్నయ్యా."

వెంగ్ తల తిప్పలేదు. "వాడు చెప్పాడా?"

"చెప్పలేదు. నీకోసం జైలుకైనా పోయేట్టున్నాడు."

మంట ఎగసింది. వెంగ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "కౌంటర్లు తెరిచేలోగా అంతా అయిపోవాలని బ్యాంకుకు మాటిచ్చాను. నెమ్మది పద్ధతికి అంత వ్యవధి లేదు, తొందర పద్ధతికి మార్చాను. మాట తప్పితే వచ్చే ఏడాది ఆర్డరు పోతుంది. అది పోతే నీ టీమ్‌లో సగం మంది ఉండరు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదని నువ్వే కదా అన్నావు?"

"ఆ పదోసారి గురించి కూడా నేనే చెప్పాను."

"చెప్పావు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పొగకే కావచ్చు. "మూడు రోజులైంది నిద్రపోయి. చూడు చెల్లీ, యంత్రంలోనే లోపం ఉందని చూపించు. చాలు. ఎవరి పేరూ వద్దు. వాడి పేరూ వద్దు, నా పేరూ వద్దు. వాడు బయటపడతాడు, అందరం ఇంటికెళ్లి పడుకుంటాం."

ఆమెకూ పడుకోవాలనే ఉంది. జిన్‌షుయి బయటపడితే చాలు కదా. మిగిలినవాళ్లెవరినీ ఉరి తియ్యక్కర్లేదు.

"సరే అన్నయ్యా," అంది.

చేతిలో మిగిలిన కట్ట మంటలో పడేసి ఇద్దరూ కారెక్కారు.

* * *

బ్యాంకు సమావేశం గదిలోకి రుయ్‌యు తన ల్యాబ్ యంత్రాన్నే బండి మీద తోయించుకుని తెచ్చింది. పెట్టె చుట్టూ బ్యాంకు వాళ్ల చేతే సీలు కాగితం అంటింపించింది. బల్ల చివర జిన్‌షుయి, తల దువ్వుకుని, ఎవరి పెళ్లికో కొన్న కోటు వేసుకుని కూర్చున్నాడు. పక్కన బ్యాంకు వకీలు. వెంగ్ జువో మేడమ్‌కు కుడివైపున ఉన్నాడు.

"తొందర పద్ధతి నొక్కండి మేడమ్. మీరే. మేమెవరం దగ్గరికి కూడా రాము."

జువో మేడమ్ నొక్కింది. యంత్రం లేచింది. తెర మీద అంతా సవ్యమే. "ఏమీ కాలేదే?"

"మళ్లీ నొక్కండి."

ఆవిడ నొక్కుతూ పోయింది. వకీలు గడియారం చూసుకున్నాడు. జిన్‌షుయి కోటు గుండీ తిప్పుకుంటున్నాడు. ఆవిడ విసుగుతో ఇక చాలనబోతుండగా తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎవరో చెయ్యి పెట్టారు.

"నేనేం ముట్టుకోలేదు!" అంది జువో మేడమ్ చప్పున. అని, జిన్‌షుయి వైపు చూసి మాట మింగేసింది.

రుయ్‌యు అప్పగింత సంగతి వివరించింది. దిగిపోయేవాడు చెప్పకపోవడం, వచ్చినవాడు తెలియక మూట దించడం. ఆవిడ అడ్డు తగలకుండా చివరిదాకా వింది.

"సరే. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒప్పుకుంటున్నాను." ఆవిడ జిన్‌షుయి మీద నుంచి చూపు తిప్పి కాగితాలు సర్దుకుంది. జిన్‌షుయి ఊపిరి వదిలిన చప్పుడు అందరికీ వినబడింది. "కాని మీ ప్లానులో వెనక వరసకు నెమ్మది పద్ధతి అని రాసుంది. దాన్ని మార్చిందెవరు? యంత్రం తనంతట తాను తొందర పడదు కదా."

"అది టీమ్ ఖాతా మేడమ్," అంది రుయ్‌యు. "చాలామందికి పాస్‌వర్డ్ తెలుసు. ఫలానావాళ్లని చెప్పడం..."

"చాలామంది అంటే ఎవరెవరు? ఆ పొద్దున ఇక్కడ ఉన్నది ఇతనొక్కడే. ఏమయ్యా, నీకు పాస్‌వర్డ్ తెలుసా?"

జిన్‌షుయి తల దించుకున్నాడు. "తెలుసు మేడమ్."

"తలుపులు ఎందుకు తెరిచావో ఇవాళైనా చెప్తావా?"

"దుమ్ము మేడమ్."

వకీలు ఏదో రాసుకున్నాడు. పెన్ను కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు. రుయ్‌యు వెంగ్ వైపు చూసింది. ఇప్పుడు ఆయన నోరు తెరవాలి. ఎవరి పేరూ వద్దనుకున్న మాట నిలబడాలంటే ఆయనే ఏదో ఒకటి అనాలి. పొరపాటనో, తనకు తెలియదనో, విచారిస్తామనో, ఏదైనా. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"జిన్‌షుయి మంచివాడే మేడమ్," అన్నాడు. "వయసు మీద పడింది. త్వరగా ఇంటికి పోవాలనుకుని నొక్కాడేమో. పెద్ద మనసుతో చూడండి. కావాలని చేసి ఉండడు."

జిన్‌షుయి తల ఎత్తాడు. వెంగ్ మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. బస్సు వెళ్లిపోయాక రోడ్డు కేసి చూసే మనిషిలా చూశాడు. తరవాత రెండు చేతులూ బల్ల మీద చాపి పెట్టాడు, కార్డు తీసుకున్నారు, ఇంకేం తీసుకుంటారో తీసుకోండి అన్నట్టు.

"అయితే నిర్లక్ష్యం అని రాయమంటారా?" అన్నాడు వకీలు. "కస్టమర్ల ఆస్తికి నష్టం. పేరు, తు జిన్‌షుయి."

"రాయకండి," అంది రుయ్‌యు.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వెంగ్ బల్ల కింద ఆమె కాలికి కాలు తగిలించాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ప్రమాదం ఉందని ముందే తెలిసి, వెనక వరసను తొందర పద్ధతిలో లేపించిన మనిషి ఒకరున్నారు. తెలుసని నాకు తెలుసు, ఎందుకంటే చెప్పింది నేనే. భయపడి ఆ వరస మీద, ఆ ఒక్క వరస మీదే, ఆకుపచ్చ పొట్లాలు పెట్టించిందీ ఆ మనిషే. షుయి అన్న తలుపులు తెరిచింది అందుకు."

జువో మేడమ్ కళ్లద్దాలు తీసింది. ఆవిడ కూడా ఈ ఊరి మనిషే. పొట్లాల సంగతి ఆవిడకు వివరించక్కర్లేదు. వెనక వరసకే ఎందుకన్నది ఆవిడకు ఎక్కడం మొహంలో కనిపించింది.

"చెల్లీ," అన్నాడు వెంగ్ మెల్లగా.

"ఇంజనీరమ్మా, వద్దు," అన్నాడు జిన్‌షుయి.

"ఎవరు?" అంది జువో మేడమ్. "పూర్తి పేరు చెప్పండి."

కాలేజీలో మొదటి రోజు నుంచి ఆయనను ఆమె ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలిచి ఎరగదు. పెద్దవాళ్లను ఇక్కడ ఎవరూ అలా పిలవరు. రుయ్‌యు ఆయన వైపు తిరిగి, ఆయన కళ్లలోకి చూస్తూనే చెప్పింది.

"వెంగ్ షావ్‌దె."